పట్టుకారు కథ

మన యిండ్లలో ప్రతిదినమును చేతికి వచ్చు వస్తువులలో పట్టుకారు ఒకటి. పొయ్యిమీది గిన్నెను దింపిన వెంటనే దానిని పక్కనబెట్టి మరచిపోవుదుము. కమ్మరి కొలిమిలోనో, అది లేనిదే పని సాగదు. ఎఱ్ఱగ కాలిన యినుమును ఒకచేత పట్టుకారుతో పట్టి, రెండవచేత సుత్తితో కొట్టినగాని కొడవలి కాదు, నాగటికఱ్ఱు కాదు.

ఇచట ఒక చిక్కుప్రశ్న కలదు. పట్టుకారును చేయుటకును కాలిన యినుమును పట్టుకొనవలెను గదా! మరి మొదటి పట్టుకారును దేనితో పట్టి చేసిరి? విత్తు ముందా, చెట్టు ముందా యని మనము వాదించుకొనునట్లే, యూదుల ప్రాచీన పండితులు దీనిని చర్చించిరి. సృష్టిలో ఆరవదినపు సందెవేళ దైవమే దానిని కల్పించెనని కొందఱనిరి. లోహమును కరగించి అచ్చులో పోసిన చాలునని మఱికొందఱనిరి.

ఇంకొక సమాధానము ఈజిప్టులో కనిపించును. క్రీ. పూ. 15వ శతాబ్దివాడైన రెఖ్మిరే అను మంత్రి సమాధిలోని గోడచిత్రములలో, పనివారు కరగిన లోహముగల మూసను రెండు కడ్డీల నడుమ బిగించి మోయుచున్నారు. అనగా కీలు లేకున్నను, రెండు కడ్డీలును రెండు చేతులును ఉన్నచో పట్టుకారు పని జరుగును.

ఇక పేరు సంగతి. సంస్కృతమున దీనిని సందంశమందురు. దంశ ధాతువునకు కఱచుట యని అర్థము. రెండువైపులనుండి కూడి కఱచునది సందంశము. హిందీలోని సండసీ దాని రూపాంతరమే. ఆంగ్లములోని టాంగ్స్ అను మాటయు కఱచుట యను అర్థముగల ఇండో-యూరోపియను మూలమునుండియే పుట్టినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇవి ఒకదానినుండి ఒకటి అరువు తెచ్చుకొన్నవి కావు. ఒకే మూలమునుండి చీలిన కొమ్మలు. మన తెలుగుమాట తీరు వేఱు. అందు కాటు లేదు, పట్టు కలదు. వారు నోటిని చూచినచోట మనవారు చేతిని చూచిరి.

ఈ రెండును సుశ్రుతసంహితలో ఒకచోట కలిసికొన్నవి. శరీరమున దిగబడిన శల్యములను తీయుట మొదలగు పనులకు సుశ్రుతుడు 101 యంత్రములను చెప్పెను. అందు సందంశములు 2. నడుమ కీలుగల స్వస్తికయంత్రములు 24. ఈ స్వస్తికముల మొనలు సింహము, పులి మొదలగు మృగముల నోళ్లను, పక్షుల ముక్కులను పోలియుండును. వానిలో కొంగజాతిదైన కంకపక్షి ముక్కువంటిది మేలైనదట. అది లోపలికి చక్కగ దిగును, శల్యమును పట్టి వెలికి తెచ్చును. ఇన్ని చెప్పియు సుశ్రుతుడు, యంత్రములన్నిటిలో చేయియే ప్రధానమనెను. చేయి లేనిదే తక్కిన యంత్రములు పనిచేయవు గదా!

పంటికాటును పోలిన పనిముట్టునకు మనవారు పట్టు అను పేరు పెట్టుట ఈ మాటకు తగియున్నది. ఈ రాత్రి పొయ్యిమీది గిన్నెను దింపునపుడు, చేయి కాలకుండ చేయిపని చేయుచున్న ఆ చిన్న పనిముట్టును ఒకసారి పరికించి చూతము.