జాలీ గోడ వెనక ఆఫీసు

ఆఫీసులో హైదరాబాద్ కనిపించాలని యజమాని అడిగితే, మాదాపూర్, గచ్చిబౌలి వైపు తరచూ జరిగే పని ఒకటే. రిసెప్షన్ వెనక ప్లైవుడ్‌తో చార్మినార్ కమాను లేస్తుంది. మీటింగ్ రూముకు గోల్కొండ పేరు పెడతారు. ఒక గోడకు చేర్యాల బొమ్మ వేలాడుతుంది. మధ్యాహ్నం మూడింటికి పడమటి అద్దంలోంచి ఎండ మొహాన కొడితే బ్లైండ్లు దించేసి, పట్టపగలు లైట్లు వేసుకుని కూర్చుంటారు. ఎండను ఆపడం ఎలాగో ఈ ఊరి మేస్త్రీలకు తరతరాలుగా తెలుసు. మనకు వారసత్వంగా రావలసింది ఆ తెలివి.

అది కళ్లారా చూడాలంటే సంతోష్‌నగర్ దగ్గరి పాయిగా సమాధులకు వెళ్లాలి. నిజాముల కొలువులో పెద్ద హోదాల్లో ఉన్న పాయిగా ప్రభువుల్ని 18వ శతాబ్దం చివరి నుంచి అక్కడ సమాధి చేస్తూ వచ్చారు. పాలరాయి, గచ్చు పని, వాటి మధ్య రకరకాల నమూనాల జాలీలు: తీగలు, పూలు, నక్షత్రాలు, కోణాలు. అందం సంగతి అందరూ రాస్తారు. నన్ను ఆపేసింది వాటి మందం. జాలీ రంధ్రం లోతుగా ఉంటే నడినెత్తి ఎండ నేరుగా లోపలికి దిగదు. రంధ్రం అంచులకు తగిలి మెత్తబడిన వెలుగే లోపలికి చేరుతుంది. గాలికి మాత్రం దారి తెరిచే ఉంటుంది.

పాత కట్టడాల నుంచి కొత్త భవనాలకు పాఠం తీసుకోవడం ఈ ఊరికి అలవాటే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టే ముందు వాస్తుశిల్పులు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ విదేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. నమూనా గీసింది బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు గ్రానైట్ భవనంలో అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలూ, ముస్లిం కట్టడాల కమానులూ కలిసి నిలబడ్డాయి.

ఆఫీసు విషయానికొస్తే, నా దృష్టిలో అసలైన ముందడుగు 2004లో పడింది. అద్దాల సైబర్ టవర్స్ 1998లోనే వచ్చి, ఆధునిక ఆఫీసంటే ఇలాగే ఉండాలన్న ముద్ర వేసింది. ఆరేళ్లకు అక్కడికి కాస్త దూరంలో, కొండాపూర్ వైపు, సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ లేచింది. వడోదర వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ దాన్ని గీశారు. జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న మొదటి భవనం అదే.

ఇరవై వేల చదరపు అడుగుల ఆ భవనం గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ పని గదులు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో పెరిగినవాళ్లకు ఆ వెలుగు కొత్త కాదు. ఎటు కూర్చున్నా పగటి వెలుతురు అందుతుంది. ఎండ పడేచోట జాలీ గోడలున్నాయి. కప్పు మీద గడ్డి పెంచారు కాబట్టి స్లాబు పెనంలా కాలదు. రెండు గాలి గోపురాల్లో నీటి తడి తగిలి చల్లబడిన గాలి ఏసీ యంత్రానికి చేరుతుంది. యంత్రానికి అంత మేరకు శ్రమ తగ్గుతుంది. పొడిగా మండే మన ఏప్రిల్, మే నెలల్లో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. గాలి నిండా తేమ ఉండే వానాకాలంలో దాని బలం తగ్గుతుంది. ఏసీని పూర్తిగా తీసేయకుండా దాని బరువు తగ్గించడమే అక్కడి ఆలోచన. దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అద్దె అంతస్తులో ముంగిలి ఎక్కడ తవ్వుతాం? నిజమే. అయినా చేయగలిగింది ఉంది. అద్దానికి లోపలివైపు కాల్చిన మట్టి జాలీ నిలబెడితే కళ్లకు కొట్టే వెలుగు తగ్గుతుంది, కానీ వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. వేడి ఆగాలంటే జాలీ అద్దానికి బయట ఉండాలి. భవన యజమాని ఒప్పుకుంటే అక్కడే కట్టించాలి. ఒప్పుకోకపోతే స్టోరు, ప్రింటర్ గది, నడవా పడమటికి నెట్టి, మనుషులు కూర్చునే బల్లల్ని ఉత్తరానికి జరపాలి. నేలకు తాండూరు బండ పరచండి. నునుపైన పాలిష్ వద్దు, కాలికి దాని గరుకే హాయి.

గోడకు సున్నం వేయించండి. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు మొదలుపెట్టిన పునరుద్ధరణలో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలిచి మళ్లీ సున్నమే వేశారు. సిమెంటు చెమ్మను గోడలోనే బంధిస్తుంది, సున్నం బయటికి పోనిస్తుంది. గానుగలో తిప్పిన ఆ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే ఈ పూత సిమెంటులా రెండు రోజుల్లో తెమలదు. పూత పూతకూ ఆగాలి, వారాల తరబడి తడుపుతూ ఉండాలి. అందుకని ఆఫీసు పనుల పట్టికలో మేస్త్రీ పేరు వడ్రంగి కంటే, ఎలక్ట్రీషియన్ కంటే ముందుండాలి. ఆ వారాల అద్దెను మొదటి బడ్జెట్‌లోనే రాసుకోవాలి.