స్పాంజి మందు ఎవరి తయారీ?

రక్త క్యాన్సర్ రోగులకు ఎక్కించే సైటరాబిన్‌కు మూలం నోరూ కడుపూ లేని, పెరిగినచోటు వదలని ఓ సముద్రపు స్పాంజి. 1945లో ఫ్లోరిడా తీరంలో దొరికిన దాన్ని యేల్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ బెర్గ్‌మన్ పరిశీలించాడు. ఆయన వెతుకుతున్నది స్టెరాల్స్ కోసం. వేడి అసిటోన్‌లో ఉడికిస్తే అనుకోని స్ఫటికాలు తేలాయి. డీఎన్ఏ పదార్థాలను పోలి ఉన్నా, డీఆక్సీరైబోజ్ ఉండాల్సిన చోట అరబినోజ్ అనే చక్కెర ఉంది. చూపుకు చిన్న తేడాయే. అలాంటి అణువును కణం సొంతదనుకుని డీఎన్ఏలో చేర్చుకుంటే, ఆ గొలుసు ముందుకు సాగదు. 1959లో సైటరాబిన్‌ను ల్యాబ్‌లో తయారుచేశారు. 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక స్పాంజి నేర్పిన పాఠం మందుగా మారడానికి పాతికేళ్లు సరిపోయాయి.

ఆ తర్వాత దశాబ్దాలపాటు స్పాంజీల్లో దొరికిన చాలా కొత్త రసాయనాలను స్పాంజి ఖాతాలోనే రాశారు. ఆ లెక్క సగమే నిజం. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో చదివేది జిల్లాల పిల్లలు, ఉద్యోగాలొస్తే పేరు అశోక్‌నగర్‌కు, ఇదీ అంతే. కొన్ని స్పాంజీల బరువులో మూడో వంతుకు పైగా సూక్ష్మజీవులే. జపాన్ దగ్గర దొరికిన థియోనెల్లా స్వినోయిలోని విష రసాయనాలు దాదాపు అన్నీ అందులో నివసించే ఎంటోథియోనెల్లా బ్యాక్టీరియావేనని 2014లో యోర్న్ పీల్ బృందం జన్యువుల ఆధారంగా తేల్చింది. అలాగైతే స్పాంజి వట్టి ఇల్లేనా అని అడగొచ్చు. కాదు. టెర్పీన్లనే కొన్ని రసాయనాలను స్పాంజి తన జన్యువులతోనే తయారు చేసుకుంటుందని 2023లో తేలింది. కాబట్టి తయారీదారు ఎవరన్నది ఏ స్పాంజికా స్పాంజిగా, ఏ రసాయనానికా రసాయనంగా విడివిడిగా తేల్చాల్సిన ప్రశ్న.

తేల్చకపోవడం వల్ల జరిగిన నష్టం మామూలుది కాదు. 1986లో హాలికాండ్రిన్-బి అనే స్పాంజి రసాయనం 12.5 మిల్లీగ్రాముల కోసం జపాన్‌లో 600 కిలోల స్పాంజిని వాడాల్సి వచ్చింది. తయారుచేసే జన్యువు చేతికి అందితే సముద్రాన్ని ఇంతగా తవ్వాల్సిన పనుండదు. మన తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లోనూ వై. వెంకటేశ్వర్లు బృందం స్పాంజీల నుంచి ఆల్కలాయిడ్లను వేరుచేసి 1994లో ప్రచురించింది. అందుకే మన తీరాల్లో ఇకపై స్పాంజిని తీసే ప్రతిసారీ దాని డీఎన్ఏతోపాటు అందులోని బ్యాక్టీరియా డీఎన్ఏనూ భద్రపరచాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో బయోటెక్నాలజీ చదువుతున్న వాళ్లు ఈ పనిని తమదిగా తీసుకోవాలని కోరుతున్నాను.