బుల్లెట్టు బండి పాఠాంతరములు

వ్యాకరణము, కావ్యము చదివి బడిలో పాఠములు చెప్పి విరమించినవాడు మోటారు సైకిలును గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని తాళపత్ర ప్రతిని పరిష్కరించువానికిని, పాత యంత్రమును బాగుచేయువానికిని ఎదురగు ప్రశ్న యొక్కటియే: మూలమేది, తరువాత చేరినదేది? మా మర్కూకులో నా యొద్ద చదువుకొన్న యువకుడొకడు తన తండ్రి వాడిన బుల్లెట్టును వెలికిదీసి, దానికి క్రొత్త షాకబ్జర్లను, పెద్ద కార్బురేటరును అమర్పదలచి, "సారూ, గిట్ల జేస్తె పాతబండిని ఖరాబు జేసినట్టయితదా?" అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు అవుననియో కాదనియో చెప్పుటకు ముందు ఆ బండి చరిత్రను కొంత తెలిసికొనవలసియున్నది.

తొలినాటి మోటారు సైకిళ్లకు వెనుక స్ప్రింగులే లేవు. 1894లో జర్మనీదేశమున హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లరు అనువారు అమ్మకమునకు పెట్టిన బండి మొదలు చాలకాలము వెనుక చక్రము చట్రమునకే బిగింపబడియుండెను. మన యెడ్లబండి యిరుసు వంటిదే యనుకొనుడు. బాటలోని ప్రతి రాయియు ఎక్కినవాని వెన్నెముకకు తెలియును. 1888లో డన్లప్ కనుగొన్న గాలిటైరు ఆ బాధను కొంత తగ్గించెను. ముందు చక్రమునకు స్ప్రింగు చేరినది. అయితే స్ప్రింగు ఒక్కటియే చాలదు. అది నొక్కుకొని, దెబ్బను దాచుకొని, వెంటనే తిరిగి విసరివేయును. బండి గంతులు వేయును. ఆ విసురును అణచుటకు ఒక గొట్టములో నూనె నింపి, సన్నని రంధ్రముల గుండ పోవునట్లు చేసిరి. స్ప్రింగు దాచిన శక్తి నూనెలో వేడిగా మారి పోవును. 1935లో బి.ఎం.డబ్ల్యు. వారి ఆర్-12 బండికి ముందువైపున ఇట్టి నూనె గొట్టముల ఫోర్కు వచ్చెను.

ఇక బుల్లెట్టు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కర్మాగారమువారు 1932లో ఈ పేరు పెట్టిరి. (ఆ యేడే మన హైదరాబాదు రాజ్యమున నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి.) ఆనాటి బుల్లెట్టునకు వెనుక స్ప్రింగు లేదు. 1948లో వారు వెనుక చక్రమును ఊగునట్టి చేతికి అమర్చి, ఇరుప్రక్కల నూనె షాకబ్జర్లు పెట్టి, పోటీలకు పంపిరి. రాళ్లలో, బురదలో నడుపు పోటీలకు బిగువైన చట్రమే తగునని, ఊగు చక్రము నేలను పట్టదని పాతకాపులు పెదవి విఱిచిరి. ఆ సంవత్సరమే ఇటలీలో జరిగిన ఆరు దినముల అంతర్జాతీయ పరీక్షలో గెలిచిన బ్రిటిషు జట్టున రెండు బుల్లెట్లుండెను. నేడు ఏ షాకబ్జర్లను "అసలైనవి" అని కండ్లకద్దుకొనుచున్నామో, అవి ఆనాటి పండితుల దృష్టిలో ప్రక్షిప్తములు!

స్వాతంత్ర్యానంతరము భారతసైన్యము సరిహద్దుల కాపునకు 350 సి.సి. బుల్లెట్లను 800 కోరెను. 1955లో చెన్నపట్టణము చెంత తిరువొత్తియూరున ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలసెను. మొదట రెడ్డిచ్ నుండి వచ్చిన భాగములను కూర్చెడివారు. క్రమముగా అన్నియు ఇక్కడనే పోతపోసిరి. ఇంగ్లండులోని తల్లి కర్మాగారము మూతపడినను మన దేశపు బిడ్డ బ్రదికినది. ఆ నడుమ కార్బురేటరు మారెను. మొదటి బండ్లకు బర్మింగ్‌హాములోని ఆమల్ వారిది. పిదప మన దేశమున మికార్బు పేర తయారైనది, జపానుదేశపు మికునీ పద్ధతిది. 2020 నుండి క్రొత్త బండ్లకు కార్బురేటరే లేదు. పెట్రోలును విద్యుత్ సూచనపై చిమ్ము సాధనము వచ్చెను. ఇన్ని ప్రతులలో ఏది మూలపాఠము?

కార్బురేటరు పని సూక్ష్మమైనది. ఇరుకు గొంతులో గాలి వేగముగా పోవునప్పుడు అచటి ఒత్తిడి తగ్గి, పెట్రోలు సన్నని జెట్టు గుండ లేచి తుంపురులగును. 350 బుల్లెట్టు మికార్బు గొంతు 24 మిల్లీమీటర్లు. 500 సి.సి. బండిదైన 28 మిల్లీమీటర్ల దానిని తెచ్చి దీనికి తగిలించు వేడుక మన మెకానిక్కులలో కలదు. నిండు వేగమున గాలి ఎక్కువ వచ్చును, నిజమే. కాని మెల్లగా పోవునపుడు వెడల్పైన గొంతులో గాలి మందగించి, పెట్రోలు చక్కగా చెదరదు. సందులలో బండి దగ్గును. జెట్టు కూడ తగినది ఎంచవలెను. ప్లగ్గు విప్పి చూచిన, మసిపట్టినచో పెట్రోలెక్కువ, తెల్లబారినచో తక్కువ, గోధుమవన్నె యైనచో సరి. తక్కువైన బండి వేడెక్కి, దూరప్రయాణమున పిస్టను సీజగు ప్రమాదము కలదు.

షాకబ్జర్ల మార్పు ఇంతకంటె మేలైనది. పాతవాటిలో నూనె కారిపోయినపుడు తప్పనిది కూడ. పొడవు మాత్రము సమానముగా నుండవలెను. పొడవైనవి పెట్టిన వెనుక భాగము లేచి, ముందు ఫోర్కు నిటారై, హ్యాండిలు చపలమగును. చైను బిగువును మారును.

నన్ను కలవరపెట్టునది వేఱు. మెత్తని షాకబ్జర్లు, పెద్ద కార్బురేటరు కూడినచో యువకుడు వేగమునకు లోబడును. గంటకు 60 కిలోమీటర్లనుండి 80కి పోయిన, ఆపవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లగును. పాతబండి డ్రమ్ము బ్రేకు మాత్రము పాతదియే. 2020 మే 29న ఆరంభమైన మా కొండపోచమ్మ సాగరమును చూడ పట్నమునుండి వచ్చు బండ్ల నడుమ ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. కావున బ్రేకు మొదట, షాకబ్జర్లు పిదప, కార్బురేటరు కడపట అని అతనికి వరుస చెప్పితిని.

తాళపత్రమున అంచున వ్రాసికొనవచ్చును గాని, ఆకును గీకరాదు. మరలతో విప్పి తిరిగి బిగింపదగిన భాగములను మార్చి, పాతవాటిని నూనెగుడ్డలో చుట్టి దాచుమంటిని. చట్రమును కోసి అతుకు పెట్టించుటకు మాత్రము ఒప్పుకొనలేదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము నమోదు పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ముందుగా రవాణా కార్యాలయమున అడుగవలెను. 2021 జులైలో వచ్చిన నిబంధనల మేరకు, మొదటి నమోదు జరిగి 50 ఏండ్లు దాటి, చట్రమునందును ఇంజనునందును గణనీయమైన మార్పు లేక మూలరూపమున నిలిచిన బండికే ప్రాచీనవాహనమను గుర్తింపు. దాని సంఖ్యాఫలకముపై "వి.ఏ." అను అక్షరములుండును. అయితే అట్టి బండిని నిత్యము తిప్పరాదు. దినదినము గజ్వేలునకు పోయి రావలసినవానికి ఆ గౌరవము అక్కఱకు రాదు.