రెండు రింగులిస్తే చేరినట్టు

మొన్న అమ్మ పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే చీటీ ఒకటి దొరికింది. క్యాలెండర్ కాగితం వెనక పెన్సిలుతో రాసుంది. "పాప జ్వరం తగ్గిందా. ఆవకాయ జాడీ చేరిందా. దసరాకి సెలవు ఎన్నాళ్లు. అల్లుడి చెవిపోటు." అంతే. మా అమ్మాయి చూసి "కిరాణా లిస్టా?" అంది. కాదు, ఫోన్ చీటీ. నాగపూర్‌లో ఉన్న అక్కకి ఫోన్ చెయ్యడానికి వెళ్లే ముందు, ఏమేం అడగాలో అమ్మ ఇలా రాసుకునేది. మాట తోచక "ఆఁ... ఇంకా..." అంటే ఆ "ఇంకా"కి కూడా డబ్బులే కదా మరి.

మీలో ఎంతమందికి ట్రంక్ కాల్ గుర్తుందో! నా చిన్నప్పుడు తెనాల్లో పోస్టాఫీసుకి వెళ్లి కాల్ బుక్ చేసి బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలు. లైట్నింగ్ అంటే చాలా ఖరీదు, చావు కబురైతే తప్ప ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. నంబరు నేరుగా తిప్పే ఎస్టీడీ మన దేశంలో 1960లోనే కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అది మా వీధిదాకా రావడానికి పాతికేళ్ల పైనే పట్టింది. 1984లో సీ-డాట్ సంస్థ పెట్టి, శాం పిట్రోడా బృందం చిన్న ఊళ్లకి పనికొచ్చే ఎక్స్ఛేంజీలు తయారు చేశాక, ఊరూరా పసుపు బోర్డుల బూత్‌లు లేచాయి. వాటిని చాలాచోట్ల ఆడవాళ్లు నడిపేవారు. మా వీధి బూత్ కూడా ఒకావిడదే.

ఆ బూత్ మీటరు లెక్క మా అమ్మకి వచ్చినంత బాగా నాకు ఇప్పటికీ రాదు. ఒక పల్స్‌కి ఒక ధర. ఊరు ఎంత దూరమైతే పల్స్ అంత తొందరగా తిరిగిపోయేది. పగలు పూర్తి రేటు. రాత్రి ఏడు దాటితే అదే డబ్బుకి పల్స్ రెట్టింపు సాగేది, అది సగం రేటు. ఇంకా పొద్దుపోయాక పావు రేటు. అందుకే రాత్రిళ్లు బూత్‌ల ముందు సినిమా హాల్లా జనం. వంట పెందలాడే ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి, చీటీ పట్టుకుని నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. చవక అనేది ఊరికే వచ్చేది కాదు, ఎవరో ఒకరు తమ నిద్ర మానుకుంటే వచ్చేది.

మాకు పావు రేటు దక్కలేదు. అక్క వాళ్లకి ఫోన్ లేదు, ఉన్నది కింది వాటా ఇంటివాళ్ల పీపీ నంబరు. పొద్దుపోయాక చేస్తే వాళ్లు పడుకుంటారు. కాబట్టి ఎనిమిదింటికి, సగం రేటుకి చేసేవాళ్లం. ముందే ఉత్తరంలో రాసేవాళ్లం, ఫలానా ఆదివారం చేస్తామని. అక్క వాళ్ల హాల్లో నిలబడి మాట్లాడేది. చుట్టూ ఇంటిల్లిపాదీ టీవీ చూస్తూ, మర్యాద కోసం సౌండు తగ్గించి కూర్చునేవాళ్లు. సౌండు తగ్గిస్తే ఏమవుతుంది, మాటలు ఇంకా బాగా వినపడతాయి!

1992లో ఒక ఆదివారం అలాగే చేశాం. అమ్మ చీటీ ప్రకారం అడిగింది. అక్క అన్నిటికీ "ఆఁ బాగున్నాం, బాగున్నామమ్మా" అంది. బిల్లు కట్టి బయటికొచ్చాక అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. "దాని గొంతు బాలేదండీ. ఇంకోసారి చేద్దామా?" అంది. నాన్న చేతిలో రసీదు చూసుకుంటూ "బాగున్నానంది కదే. చీటీలోవన్నీ అయిపోయాయిగా" అన్నారు. ఇంటికొచ్చేశాం.

1995లో రెండు సంగతులు జరిగాయి. జులై 31న జ్యోతిబసు దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ మాట్లాడారు, ఆగస్టు 15న ఇంటర్నెట్ వచ్చింది. రెండూ మా ఇళ్లకి చాలా దూరం. ఆ కొత్తలో సెల్‌కి ఫోన్ వచ్చినా మనమే డబ్బు కట్టాలి. నెట్ అంటే ఇంటి ఫోన్ లైను మీదే, అది కుయ్యిమని కూస్తూ కలిసేది. నెట్ ప్యాకు డబ్బు వేరు, ఫోన్ బిల్లు వేరు, ఈలోగా ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్.

నేను పెళ్లై హైదరాబాద్ వచ్చాక మా మరిది అమెరికా వెళ్లాడు. అతను కాలింగ్ కార్డులు కొని, గీకి, ఇంత పొడుగు నంబర్లు నొక్కి ఫోన్ చేసేవాడు. కార్డు మీద రాసిన నిమిషాలు ఎప్పుడూ పూర్తిగా వచ్చేవి కావు, కనెక్షన్ చార్జీ అనీ ఇంకేదో అనీ మధ్యలోనే టప్‌మని ఆగిపోయేది. మా అత్తగారు ఆగిపోయిన ఫోన్‌తోనే "సరే నాన్నా, వేళకి తిను" అని చెప్పి పెట్టేసేవారు. తర్వాత నెట్ సెంటర్లో హెడ్‌ఫోన్ పెట్టించి మాట్లాడించాను. అది ఆవిడకి ఫోన్ అనిపించలేదు, గట్టిగా అరిచేవారు.

అన్నిటికన్నా చవకైన ఫోన్ మాత్రం మా పక్కింటావిడ చెప్పింది. వాళ్లది జగిత్యాల వైపు. వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ మాటలు టేపురికార్డర్‌లో క్యాసెట్‌కి ఎక్కించి, వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారట. ఒక క్యాసెట్ ధరకి గంట మాటలు! ఆయన జవాబు క్యాసెట్ నెలల తర్వాత వచ్చేదట. ఇప్పుడు వాళ్ల తమ్ముడూ అక్కడే ఉన్నాడు, కానీ ఆ దేశంలో చాలా ఏళ్లుగా వాట్సాప్ కాల్ కలవనివ్వరు. అనుమతి ఉన్న వేరే యాప్ ఏదో వాడతారు.

2003 మాకు పండగ. మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది, అదే ఏడాది 501 రూపాయలకి రిలయన్స్ ఫోన్ చేతికొచ్చింది, మిగతాది నెలనెలా కట్టుకోవాలి. మిస్డ్ కాల్ విద్యలో మాత్రం మేం ముందే ఆరితేరాం. ల్యాండ్‌లైన్ రోజుల నుంచీ ఒక రింగంటే బయల్దేరాం, రెండంటే చేరాం. సెల్ వచ్చాక మా ఆయన ఒక మిస్డ్ కాల్ ఇస్తే అన్నం కుక్కర్ పెట్టేదాన్ని. 2006లో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నారు. 2009లో టాటా డొకోమో సెకనుకి పైసా అంది. చూడండి, అప్పుడు కూడా సెకన్లే లెక్కపెట్టాం.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక లెక్క మానేశాం. మా అబ్బాయి అమ్మమ్మకి సిమ్ తెచ్చి వాట్సాప్ వీడియో నేర్పాడు. ఆ ఉచితం ఎన్నాళ్లో నిలవలేదనుకోండి. 2018 చివర్లో కొన్ని కంపెనీలు ఫోన్లు అందుకోవడానికి కూడా నెలకి కనీసం 35 రూపాయలు వెయ్యాలన్నాయి, ఆ తర్వాత రేట్లు పెరుగుతూనే ఉన్నాయి. మీ ఇంట్లో బటన్ ఫోన్ పెద్దవాళ్లుంటే నెట్ కలిపిన ప్యాకు వెయ్యకండి. 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పినందువల్ల మాటలకీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే ప్యాకులు వచ్చాయి. అవి చాలాసార్లు షాపువాడు చెప్పడు, మనమే అడగాలి.

2017 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అక్కా, అమ్మా వీడియోలో గంటన్నర నుంచి మాట్లాడుకుంటున్నారు. మాగాయ ముక్కలు, మోకాళ్ల నొప్పులు, టీవీ సీరియల్ అన్నీ అయిపోయాయి. ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. అప్పుడు అక్క, ఏదో వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. 92లో తనకి మూడో నెల పోయిందని, ఆ ఆదివారం ఫోన్ వచ్చేసరికి ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు రోజులైందని.

"అప్పుడే చెప్పొచ్చు కదే!" అంది అమ్మ.

"వాళ్ల హాల్లో అందరూ ఉన్నారమ్మా. మీకేమో అక్కడ మీటరు తిరుగుతోంది. మళ్లీ చేస్తారేమోనని అక్కడే కాసేపు నిలబడ్డా."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్ చెయ్యలేదు. "నేను చేద్దామనే అన్నానే," అంది చివరికి, "అన్నాను."