మూత్రపరీక్ష చెప్పు సాక్ష్యము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల పెద్దలకు ఆరోగ్యవరము అనగానే క్షయవ్యాధి గుర్తుకు వచ్చును. మదనపల్లె చెంతనున్న ఆ శానిటోరియమునకు ఒకనాడు దూరప్రాంతముల నుండి రోగులు వచ్చెడివారు. విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము: మందులు లేని ఆ రోజులలో చికిత్స ఇదియే. 1950 నుండి 1955 వరకు డాక్టర్ జె. ఫ్రిమొట్ మొల్లర్ చుట్టుపట్ల పల్లెలలో పరిశీలన జరిపి, ఆ రోగము జనులలో ఎట్లు వ్యాపించునో లోకమునకు తెలిపిరి. కాని దేశమున పడకలు కొద్ది, రోగులు లక్షలు.

ఇంతలో మందులు వచ్చినవి. 1956లో మద్రాసున క్షయచికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడినది. అచ్చట 193 మంది రోగులలో కొందరిని శానిటోరియములోను, తక్కినవారిని ఇంటివద్దను ఉంచి, అందరికిని ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్. అను మందులనే ఏడాదిపాటు ఇచ్చిరి. పి.ఎ.ఎస్. కడుపులో వికారము పుట్టించు మందు. ఇంటనున్న రోగి దానిని మింగెనా, పెరటిలో పారవేసెనా? ఇది తెలియుటకై ముందు చెప్పకుండ ఇండ్లకు పోయి మూత్రము సేకరించి పరీక్షించిరి. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటి చికిత్స శానిటోరియము చికిత్సకు తీసిపోలేదు.

మరి ఇట్టి పరీక్ష ఎంతవరకు నమ్మదగినది? ఫెర్రిక్ క్లోరైడు కలిపినచో పి.ఎ.ఎస్. ఉన్న మూత్రము రంగు మారును. అయితే తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకొన్నవాని మూత్రమును రంగు మారును. ఐసోనియాజిడ్‌ను కొందరి శరీరము త్వరగా వేరు పదార్థముగా మార్చివేయును. మారని మందును మాత్రమే వెదకు పరీక్షలో, మందు మింగినవాడే అబద్ధీకుడుగా తేలవచ్చును.

పరీక్ష తీరుతోపాటు లేబొరేటరీని బట్టియు తీర్పు మారును. అమెరికాలో మత్తుమందుల జాడ వెదకు 13 లేబొరేటరీలకు, రోగుల మూత్రమువలె కనబడునట్లు, తెలిసిన మందులు కలిపిన నమూనాలను గుట్టుగా పంపిరి. 1985లో ఆ వివరములు ప్రకటింపబడినవి. ఉన్న మందును లేదనిన తప్పులు, మందును బట్టి, లేబొరేటరీని బట్టి, నూటికి 0 నుండి 100 వరకు ఉన్నవి. తమకు పరీక్ష జరుగుచున్నదని ముందుగా తెలిసినప్పుడు మాత్రము లేబొరేటరీలు మెరుగుగా పనిచేసినవి! 1988లో అచ్చటి ప్రభుత్వము తన ఉద్యోగుల పరీక్షలకు కట్టుదిట్టమైన నియమములు విధించినది. మొదటి పరీక్షలో దొరికినదానిని వేరొక పద్ధతితో ధ్రువపరచిన పిమ్మటనే చెప్పవలెనని అందులో ముఖ్యనియమము.

ఈ చరిత్రను మేము ఎన్నుకొనుటకు కారణమున్నది. ఒక్క తప్పు మాటతో మందు మింగిన రోగి దోషి యగును. మింగనివాని రోగము ముదిరి ఇంటిల్లిపాదికి సోకును. పుంగనూరులో ఇచ్చిన సీసాయైనను, కుప్పంలో ఇచ్చిన సీసాయైనను, ఏ లేబొరేటరీకి చేరినను ఒకే నిజము చెప్పవలెను. అంతవరకు, వేసుకొన్న ప్రతి మాత్రను వైద్యునికి చెప్పుట మన వంతు. అనుమానము కలిగినచో తిరిగి పరీక్షించి గాని తీర్పు చెప్పకుండుట వారి వంతు.