గేర్ షిఫ్టర్ మరమ్మతు (రోడ్డు సైకిల్)

రోడ్డు సైకిల్ హ్యాండిల్‌కు ఉండి, కేబుల్‌ను లాగుతూ వదులుతూ చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి మార్చే మీటను గేర్ షిఫ్టర్ అంటారు. పూర్వం ఈ మీటలు ఫ్రేమ్ కింది గొట్టానికి ఉండేవి. 1990లో షిమానో, 1992లో కాంపగ్నోలో కంపెనీలు వాటిని బ్రేకు మీటలోనే ఇమిడ్చాయి.

షిఫ్టర్ లోపల చిన్న పళ్ళచక్రం, పళ్ళలో పడే కొక్కేలు, స్ప్రింగులు ఉంటాయి. గ్రీజు గట్టిపడితే కొక్కెం పంటికి అందదు. మీట నొక్కినా ‘టిక్’ మనకుండా ఊరికే ఆడుతుంది. షిఫ్టర్ అరిగిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. ఎక్కువసార్లు తప్పు ఎండిన గ్రీజుదే. కొత్తది కొనేముందు రబ్బరు తొడుగు మడిచి, గ్రీజు కరిగించే స్ప్రే కొట్టి, మీటను పదేపదే నొక్కాలి. మురికి కారిపోయాక పల్చటి నూనె వేయాలి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే అడవి దారిలో వానాకాలపు తడి, ఎండాకాలపు దుమ్ము ముందు కేబుల్‌నే దెబ్బతీస్తాయి. షిఫ్టర్‌లో కేబుల్ వంగేచోట పోగులు ఒక్కొక్కటే తెగి లోపల చిక్కుకుంటాయి. గేరు ఆలస్యంగా పడటం మొదలవగానే కేబుల్ మార్చడం మంచిది.

పళ్ళు నిజంగా అరిగితే షిమానో షిఫ్టర్‌ను సాధారణంగా మొత్తంగానే మార్చాలి. కొత్తది వెనుక చక్రం గేర్ల సంఖ్యకూ, చైన్‌ను పక్కకు జరిపే డిరెయిలర్‌కు కావలసిన కేబుల్ లాగుడుకూ సరిపోవాలి.

దారిలో వెనుక కేబుల్ తెగితే చైన్ అతి చిన్న చక్రంపైకి జారి, ఎత్తు ఎక్కడం కష్టమవుతుంది. డిరెయిలర్ హద్దు స్క్రూను లోపలికి బిగిస్తే కాస్త తేలికైన గేరులో ఊరు చేరవచ్చు.