ఉప్పునీటి అక్వేరియానికి డ్రై రాక్: రాయిని సిద్ధం చేసే విధానం, చట్టం గీసిన హద్దు

సముద్రతీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న దిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలంటే సముద్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవాలి. అందులో చేప కంటే ముందు సిద్ధం కావలసింది రాయి. చేపల విసర్జితాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు రాతి రంధ్రాలే ప్రధాన నివాసం.

సముద్రం నుంచి జీవులతో సహా వెలికితీసిన రాయిని లైవ్ రాక్ అంటారు. విదేశాల్లో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న ఈ పద్ధతికి భారత్‌లో చట్టం అడ్డు నిలుస్తుంది. రీఫ్‌ను నిర్మించే పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, ఫైర్ కోరల్‌ను, సీ ఫ్యాన్లను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఈ షెడ్యూల్‌లోని జీవుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. ఈ కట్టడికి కారణం లేకపోలేదు. తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలో 21 దీవులు ఉండగా, వాటిలో రెండు నీట మునిగాయి. సున్నం కోసం పగడపు రాళ్లను దశాబ్దాల పాటు తవ్వడం అందుకు ఒక కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు.

ఎండిన పగడపు అస్థిపంజరానికీ ఈ చట్టం వర్తిస్తుంది. దుకాణదారు దాన్ని ‘డ్రై రాక్’ అని పిలిచినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. కొమ్మలుగా చీలి, నక్షత్రాల్లాంటి చిన్న గుంటలతో తెల్లగా కనిపించే ముక్కను బిల్లు, మూలం తెలియకుండా కొనకపోవడమే మేలు. సిరామిక్‌తో గానీ సిమెంటుతో గానీ తయారుచేసిన రాయి ఈ చిక్కు లేనిది. 100 లీటర్ల తొట్టికి సుమారు 12 కిలోల రాయి అన్నది పాత లెక్క. రంధ్రాలు ఎక్కువగా ఉన్న రాయి అంతకంటే తక్కువైనా సరిపోతుంది.

కొత్త సిమెంటు రాయి నీటిలో క్షారతను పెంచుతుంది. అందుకే దాన్ని మంచినీటిలో నానబెట్టి, కొన్ని వారాల పాటు నీరు మారుస్తూ, పీహెచ్ స్థిరపడేదాకా ఆగాలి. ఇతరుల పాత తొట్టి నుంచి తెచ్చిన రాయిదైతే వేరే సమస్య. అందులో ఎండిన నాచు, స్పాంజ్‌ల అవశేషాలు ఉంటాయి. వాటిని బ్రష్‌తో రుద్ది, ఒక వంతు బ్లీచ్‌కు పది వంతుల నీరు కలిపి ఒకటి రెండు రోజులు నానబెట్టాలి. ఆ తర్వాత బాగా కడిగి, క్లోరిన్‌ను తొలగించే ద్రావణంలో ముంచి, ఎండలో ఆరబెట్టాలి. దిల్లీ మే నెల ఎండ ఉపయోగపడే పనుల్లో ఇదొకటి.

రాయిని ఉడికించకూడదు. కొన్ని జొయాంథిడ్ జాతుల్లో ఉండే పాలీటాక్సిన్ అనే తీవ్ర విషం ఆవిరితో పాటు గాలిలోకి చేరి, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి.

సున్నపురాయి పైపొరలో పట్టుకున్న ఫాస్ఫేట్‌ను వదిలించడానికి కొందరు హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడతారు. యాసిడ్ చిల్లర అమ్మకాలపై 2013లో సుప్రీంకోర్టు విధించిన నిబంధనల ప్రకారం కొనుగోలుదారు గుర్తింపు కార్డు చూపాలి, వివరాలు నమోదు కావాలి. ఈ పనిని ఫ్లాట్ బాల్కనీలో చేయడం తగదు. యాసిడ్‌లో నీరు పోయరాదు, నీటిలోనే యాసిడ్ పోయాలి. బ్లీచ్ తడి ఆరని రాయిపై యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. సిమెంటు రాయికి ఈ పద్ధతి అసలు పనికిరాదు. ఓపిక ఉన్నవారికి ఉప్పునీటిలో నానబెట్టి, వారానికోసారి ఫాస్ఫేట్ కొలుస్తూ నీరు మార్చడమే సురక్షితం.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎన్‌సీఆర్‌లో చాలా చోట్ల బోరునీటి కాఠిన్యం ఎక్కువ, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాల్లో చాలావరకు రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి కనుక ఆ నీరు సరిపోదు. ఆర్‌ఓ తర్వాత డీఅయొనైజేషన్ దశను దాటి, టీడీఎస్ సున్నాకు చేరిన నీటిలోనే మెరైన్ సాల్ట్ కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. లవణీయత వెయ్యికి 35 వంతులు, సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 వరకు ఉండాలి.

చివరి దశ సైక్లింగ్. రాయిని తొట్టిలో అమర్చి, పంపు నడుపుతూ, 2 పీపీఎం మేరకు అమ్మోనియాను, సీసాల్లో దొరికే బ్యాక్టీరియాను కలుపుతారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ 24 గంటల్లోపే సున్నాకు చేరితే రాయి సిద్ధమైనట్టు. ఇందుకు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. జనవరి చలిలో హీటర్ లేకపోతే బ్యాక్టీరియా మందగించి గడువు ఇంకా పెరుగుతుంది. వేసవిలో కరెంటు పోతే పంపు ఆగి, రాతిలోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును చేపల కంటే ముందే కొని పెట్టుకోవాలి.